వచ్చిన గాలి ఎటు పోతుంది?

పాల్వంచలో నాకొక షాపు ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ కూర్చునేది మా అబ్బాయి. మొదట్లో ఫ్యాన్లకు వైండింగ్ చేసేవాణ్ణి. తర్వాత రేకు కూలర్లు, ఫ్రిజ్‌లు, చివరికి ఏసీలు. కొత్తగూడెం కాలనీల నుంచి గోదావరి దాటి భద్రాచలం, అక్కణ్ణించి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు గుంపుల (గూడేల) దాకా ఇళ్లలోకి వెళ్లి పని చేసొచ్చాను. చుట్టాలు ముందుగదిలోనే ఆగిపోతారు. మెకానిక్ మాత్రం పడగ్గదికీ వంటింటికీ కూడా వెళ్తాడు. ఆ ఇంట్లో ఎవరు దగ్గుతున్నారో, ఏ గోడ చెమ్మగిల్లిందో, అటక మీద ఎంత మసి పట్టిందో వాడికి తెలిసిపోతుంది.

మా మనవరాలు కాపురానికి వచ్చి కొత్త ఇల్లు సర్దుకుంటూ, "తాతయ్యా, నువ్వు ఊరందరికీ చెప్పేవన్నీ నంబర్లేసి రాసివ్వు" అంది. రాశాను. దానికి పనికొచ్చేవి మీకూ పనికొస్తాయి.

1. కూలర్ కొనేముందు కిటికీ చూడండి

మాది బొగ్గు నేల, బండ నేల. మే నెలలో కొత్తగూడెం, మణుగూరుల్లో నలభై అయిదు డిగ్రీలు దాటినా ఎవరూ వింతగా చెప్పుకోరు. ఆ వేడికి కూలర్ వేస్తారు. వేసి, చల్లగాలి బయటికి పోతుందేమోనని తలుపులూ కిటికీలూ బిగిస్తారు. గంటసేపు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత ఒళ్లంతా జిగట, దుప్పటి తడితడిగా, పిల్లలకు ఊపిరాడనట్టు. "అన్నా, కూలర్ పనిచేస్తలేదు, ఒకసారి వచ్చి చూడు" అని కబురు. వెళ్లి ఎదురుగోడ కిటికీ రెక్కలు తెరిచి, ఓ పావుగంట కూర్చుని, టీ తాగి వచ్చేసేవాణ్ణి.

కూలర్ చలిని పుట్టించదు. నీళ్లు ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని గాలి నుంచే లాక్కుంటాయి. గాలి చల్లబడుతుంది, దాంతోపాటే తేమ పెరుగుతుంది. బయట 44 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం మంచి కూలర్ ముందు నిలబడితే గాలి ముప్పై డిగ్రీల దగ్గర తగులుతుంది. అదే గదిని మూసిపెడితే కూలర్ తను తడిపిన గాలినే మళ్లీ పీల్చి మళ్లీ తడుపుతుంది. తేమ నిండిన గాలిలో నీళ్లు ఆవిరి కావు. కాకపోతే చల్లదనమూ ఉండదు. మిగిలేది చెమ్మే. ఆ చెమ్మ పరుపులోకి, గోడ మూలల్లోకి, బట్టల బీరువాలోకి దిగుతుంది. జూన్ వచ్చేసరికి బూజు వాసన, పిల్లాడికి పిల్లికూతలు.

కాబట్టి కూలర్ వెనక భాగం బయటి గాలికి ఉండాలి, దానికి ఎదురుగా గాలి బయటికి పోయే కిటికీ ఉండాలి. గదికి ఒకే కిటికీ ఉంటే కూలర్‌ను అందులో పెట్టి తలుపును ఓ జానెడు తీసి ఉంచండి, ఆ తలుపు అవతల గదిలో కిటికీ తెరవండి. కూలర్ వీపు మురుగు కాలవ వైపో, బండ్లు స్టార్ట్ చేసే చోటో, పక్కింటి పొయ్యి వైపో ఉంటే ఆ వాసనా ఆ పొగా చల్లబడి మీ మంచం మీదికే వస్తాయి. ఇల్లు కట్టేవాళ్లు మేస్త్రీని అన్నీ అడుగుతారు. గాలి ఎటు వస్తుందని కూడా అడుగుతారు. వచ్చిన గాలి ఎటు పోతుందని మాత్రం అడగరు.

2. కూలర్ గడ్డి, కూలర్ నీళ్లు

మార్చిలో అటక మీంచి దించిన కూలర్‌ను తిన్నగా గదిలో పెట్టి స్విచ్ వేయకండి. తొమ్మిది నెలల దుమ్ము, బల్లిపెంటికలు, సాలెగూళ్లు మొదటి నిమిషంలోనే మొహాన కొడతాయి. వాకిట్లో పెట్టి, పాత గడ్డి తీసేసి, తొట్టి బ్రష్షుతో తోమి, పంపు లేకుండా ఉత్త ఫ్యాన్ ఓ అరగంట తిప్పి, ఆ తర్వాత లోపల పెట్టుకోండి.

గడ్డి ఏడాదికోసారి మార్చాల్సిందే. పోయినేడు మిగిలిన గడ్డి బాగానే ఉంది కదా అని చాలామంది వాడేస్తారు. పైకి బాగానే ఉంటుంది. చేత్తో నలిపితే పొడి రాలుతుంది, తడిస్తే నాచు వాసన వస్తుంది. తేనెపట్టులాంటి అట్టల ప్యాడ్లు రెండు మూడేళ్లు వస్తాయి, కాకపోతే వాటిమీద తెల్లగా సున్నం పేరుకుంటుంది. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది, రోజురోజుకీ చిక్కబడుతుంది. పైనుంచి నీళ్లు పోస్తూ పోవడం కాదు, రెండు మూడు రోజులకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి కొత్త నీళ్లు పట్టాలి. వట్టివేళ్ల తడికలు దొరికితే అంతకన్నా మంచిదేముంది. అవి కూడా మురుగుతాయి, వాటికీ ఎండ చూపించాలి.

తొట్టిని ఖాళీ చేయడం ఒక్కటే చాలదు, వారానికోసారి గోడలు తోమాలి. డెంగీ మోసే దోమ నీళ్లలో కాదు, నీళ్ల అంచున తొట్టి గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే లేస్తాయి. గుడ్డు దోమై ఎగరడానికి వారం పదిరోజులు చాలు. జూన్‌లో కూలర్‌ను అలాగే వదిలేసి, అడుగున ఉన్న రెండు చెంబుల నీళ్లను వానకు అప్పగించే ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉంటాయి.

పడుకునే ముందో, తెల్లవారాకో కూలర్ ఆపేటప్పుడు ముందు పంపు ఆపండి. ఫ్యాన్ మరో పావుగంట తిరగనివ్వండి. గడ్డి ఆరుతుంది. ఆరిన గడ్డికి వాసన పట్టదు.

గాలి సంగతి కాకపోయినా ఇదొక్కటి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. రేకు కూలర్‌కు ఎర్తింగ్ లేకుండా నీళ్లు పోయకండి. ప్లగ్గు పీకకుండా తొట్టిలో చెయ్యి పెట్టకండి. ప్రతి వేసవిలో ఎక్కడో ఒకచోట ఇందుకే ఒక ప్రాణం పోతుంది.

3. వానాకాలం కూలర్ వద్దు

ఇంకేం రాయను. గాలిలో తేమ ఉన్నప్పుడు కూలర్ చేసేది ఇంకాస్త తేమ చేర్చడమే. ఫ్యాన్ చాలు.

4. ఏసీ గదిలోకి కొత్తగాలి రాదు

దీన్ని నమ్మించడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. బయట ఒక డబ్బా, లోపల ఒక డబ్బా, మధ్యలో గొట్టాలు. కాబట్టి బయటి గాలి లోపలికి వస్తుందని అందరి నమ్మకం. ఆ రాగి గొట్టాల్లో తిరిగేది గ్యాస్, గాలి కాదు. లోపలి డబ్బా గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, తిరిగి గదిలోకే వదులుతుంది. నలుగురు పడుకుని తలుపులు బిగిస్తే తెల్లవారేసరికి ఆ నలుగురు వదిలిన ఊపిరే గదంతా ఉంటుంది. పొద్దున లేవగానే తల బరువు, నోరు ఎండిపోవడం, సోమరితనం. ఏసీ పడలేదంటారు. పడనిది మూసిన తలుపు. పడుకునే ముందు పది నిమిషాలు, లేచాక అరగంట కిటికీలు తీయండి. ఎక్కువమంది పడుకునే గదైతే తలుపు సందు ఉంచండి. కరెంటు కాస్త ఎక్కువవుతుంది, కానివ్వండి.

లోపలి డబ్బా మూత ఎత్తితే వల లాంటి ఫిల్టర్ ఉంటుంది. దాన్ని తీసి కుళాయి కింద కడగడానికి మెకానిక్ అక్కర్లేదు. వేసవిలో రెండు వారాలకోసారి కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టుకోవాలి. మా పాల్వంచలోనూ, లారీలు తిరిగే రోడ్డు పక్కనా వారానికోసారి చేసినా తప్పులేదు. ఆ వల వెంట్రుకలను, నూలుపోగులను, పెద్ద దుమ్మును ఆపుతుంది. పొగలో ఉండే సన్నటి కణాలను ఆపలేదు. అందుచేత గదిలో అగరొత్తులు వెలిగించి ఏసీ వేసుకుని, ఏసీ శుభ్రం చేస్తుందిలే అనుకోకండి.

వల వెనక రేకుల కాయిల్ ఉంటుంది. గాలిలో చెమ్మ దానిమీదే నీళ్లయి కారుతుంది. అంటే చీకటి, తడి, దుమ్ము మూడూ ఒకేచోట. బూజుకు అంతకన్నా ఏం కావాలి? ఏసీ వేయగానే మొదటి రెండు నిమిషాలు పులిసిన వాసన వస్తే అది కాయిల్ నుంచీ, దాని కింద నీళ్ల పళ్లెం నుంచీ వచ్చేదే. సెంటు కొడితే పోదు. సీజన్ ముందు ఒకసారి కాయిల్, పళ్లెం, లోపల తిరిగే దుమ్ముపట్టిన బ్లోయర్ కడిగించాలి, నీళ్లు పోయే పైపు ఊదించాలి. ఆ పైపు మూసుకుంటే నీళ్లు గోడలోకి దిగుతాయి. ఆ తర్వాత ఏసీ బాగానే ఉంటుంది, గోడ బాగుండదు.

ఉష్ణోగ్రత సంగతి. స్టార్ లేబుల్ ఏసీలన్నీ 2020 జనవరి 1 నుంచి ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా కేంద్రం నియమం పెట్టింది. జనం దాన్ని వెంటనే పద్దెనిమిదికి దించుతారు, పైన రగ్గు కప్పుకుంటారు. బయట రాత్రి కూడా వేడిగాలి, లోపల పద్దెనిమిది. ముసలివాళ్లు రాత్రి రెండుసార్లు బాత్‌రూమ్‌కు లేస్తారు, ఆ తేడాకు వాళ్ల ఛాతీ ఏమవుతుందో ఆలోచించండి. ఇరవై ఆరు పెట్టి పైన ఫ్యాన్ మెల్లగా తిప్పండి.

5. బూడిద ఊరిలో చీపురు పని

పాల్వంచ థర్మల్ కేంద్రం 1966లో మొదలైంది. ఆ కరెంటు మీదే మా బతుకులన్నీ నడిచాయి, నా షాపుతో సహా. బట్టలు ఆరేసిన తీగ మీద, డాబా మీద, ఏసీ బయటి డబ్బా రెక్కల మీద ఆ కేంద్రం పుణ్యమా అని బూడిద పూత ఉండేది. పాత యూనిట్లు మూతపడ్డాయి, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న కూల్చేశారు. చూడడానికి ఊరు ఊరంతా మిద్దెలెక్కింది. 2018 చివర్లో 800 మెగావాట్ల ఏడో దశ వచ్చింది, అటు మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం వచ్చింది. బొగ్గు లారీలు, బూడిద లారీలు తిరుగుతూనే ఉన్నాయి.

ఇలాంటిచోట పొడి చీపురుతో ఊడిస్తే నేలమీది బూడిద లేచి ముక్కులోకి వెళ్తుంది, ఓ గంటకు మళ్లీ నేలమీదికే దిగుతుంది. తడిగుడ్డతో తుడవండి. ఫ్యాన్ రెక్కలు తుడవకుండా పండగ శుభ్రాలు చేయకండి. రెక్క మీద వేలెడు మందం మట్టి ఉంచి, కింద పరుపు మీద తెల్ల దుప్పటి పరిచిన ఇళ్లు చూశాను. బయటి డబ్బా రెక్కలకు బూడిద పడితే ఏసీ ఆయాసపడుతుంది, కరెంటు తాగుతుంది. నీళ్ల పైపుతో మెల్లగా, ఏసీ ఆపి, మెయిన్ తీసేసి కడిగితే చాలు.

6. చలికాలం పొద్దున కిటికీ తొందరగా తీయొద్దు

తెల్లవారుజామున కిటికీలన్నీ తెరిచి మంచిగాలి పీల్చమని పెద్దలు చెబుతారు. నేనూ పెద్దవాణ్ణే, వేసవికి అదే చెబుతాను. డిసెంబరు, జనవరిల్లో మాత్రం మా వైపు ఆ మాట నడవదు. రాత్రి నేల చల్లబడి, దానిమీది గాలి చల్లగా బరువుగా కిందనే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఊళ్లో పొయ్యిల పొగ, నెగళ్ల పొగ, రోడ్డు దుమ్ము అంతా ఆ మూత కింద ఉంటుంది. ఇల్లెందు నుంచి వస్తుంటే పొద్దున ఏడింటికి ఊళ్ల మీద నీలంగా పొర కనిపించేది, మంచనుకుంటారు. అందులో సగం పొగే. ఎండెక్కి, తొమ్మిదో పదో అయ్యాక నేల వేడెక్కుతుంది, పొగ పైకి లేస్తుంది. అప్పుడు తెరవండి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో అడవి తగలబడే రోజులు వేరు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టుకింద ఆకులు తగలబెడతారు, తునికాకు కొత్త చిగురు కోసం నిప్పు పెడతారు, కొన్ని వాటంతటవే పాకుతాయి. గాలి ఇటు తిరిగిన రాత్రి ఇల్లంతా కాలిన ఆకు వాసన. ఆ రాత్రులు కూలర్ ఆపేయండి, అది పొగను బయటినుంచి లాగి మరీ ఇస్తుంది. కిటికీలు మూసి ఫ్యాన్, ఏసీ ఉంటే ఏసీ. పైన అంత తిట్టిన ఏసీ, బయటి గాలిని తేదు కాబట్టే ఆ ఒక్కరోజు పనికొస్తుంది.

7. పొయ్యి ఎక్కడుందో అదే ఇంటి గాలి

కూలర్లూ ఏసీలూ చెబుతున్నాను గానీ, మా అడవి అంచు ఇళ్లల్లో గాలిని చెడగొట్టేది అవి కాదు, కట్టెల పొయ్యి. 2004లో ఒక అధ్యయనం వచ్చింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్, నిజామాబాద్, రంగారెడ్డి జిల్లాల పల్లె ఇళ్లల్లో గాలిని కొలిచారు. వరంగల్ అంటే అప్పట్లో మా పక్క జిల్లానే. గ్యాస్ మీద వండే ఇళ్లల్లో ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి దుమ్ము రోజు సగటున ఘనమీటరుకు 73 మైక్రోగ్రాములు. కట్టె, పిడకల ఇళ్లల్లో 732 దాకా. పదింతలు! గ్యాస్ ఇంటి లెక్క కూడా ఏం గొప్పది కాదు, కాకపోతే ఆ రెండో అంకె దగ్గర రోజూ రెండు పూటలా కూర్చునేది మన ఆడవాళ్లూ, వాళ్ల ఒళ్లో పిల్లలూ.

1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి, 2016లో ఉజ్వల వచ్చింది. చాలా ఇళ్లల్లో సిలిండర్ ఉంది. ఉండి, మూలన ఉంది. టీకీ, చుట్టాలొచ్చినప్పుడు కూరకీ గ్యాస్. అన్నానికీ, స్నానం నీళ్లకీ, పశువుల కుడితికీ కట్టెలే. అడవిలో కట్టె ఊరికే దొరుకుతుంది, సిలిండర్ దొరకదు. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. పట్నం నుంచి వచ్చి "గ్యాస్ వాడండమ్మా" అని చెప్పి పోయేవాళ్లకు అర్థం కాదు.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. పాత కోయ ఇల్లు చూడండి. వెదురు తడికల గోడ, దానిమీద మట్టి. గోడకూ గడ్డి కప్పుకూ మధ్య ఖాళీ. లోపల పొయ్యి మండుతుంది, పైన దూలాలకు మక్క కంకులు, విత్తనాల మూటలు వేలాడుతుంటాయి. పొగ వాటికి పట్టి పురుగు రానివ్వదు, ఆపైన కప్పులోంచీ సందుల్లోంచీ బయటికి పోతుంది. పొగ లేని ఇల్లని అనను, కళ్లు మండేవి, దగ్గూ ఉండేది. అయినా పొగకు పోయే దారి ఉండేది. తర్వాత పక్కా ఇళ్లొచ్చాయి. సిమెంటు గోడలు, స్లాబు, ఒక చిన్న కిటికీ. వానకు తడవని ఇల్లు రావడం మంచిదే, కాదనేవాడెవడు? అదే పొయ్యిని తీసుకొచ్చి ఆ స్లాబు కింద పెట్టారు. ఇప్పుడు పొగ ఎటు పోవాలి? మూణ్ణెల్లలో స్లాబు నల్లబడుతుంది. ఇల్లు నల్లబడితే సున్నం వేస్తారు, లోపలి మనుషుల ఊపిరితిత్తులకు వేసే సున్నం లేదు.

కట్టెల పొయ్యి తప్పనివాళ్లు దాన్ని వసారాలోకో, పెరట్లో చిన్న పందిరి కిందికో తెచ్చుకోండి. లోపలే తప్పదంటే పొయ్యి పైన కప్పుకు దగ్గరగా ఎదురెదురు గోడలకు రెండు రంధ్రాలు కొట్టించండి. ఒక్కటి చాలదు. పచ్చికట్టె పొగ ఎక్కువ, వేడి తక్కువ. వానాకాలానికి ముందే కట్టె చీల్చి అటకెక్కించండి. 1983లో కేంద్రం పొగలేని పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టి దేశమంతా మట్టి పొయ్యిలు, పొగగొట్టాలు పెట్టించింది. చాలాచోట్ల అవి ఎందుకు మూలపడ్డాయంటే ఆ గొట్టంలో మసి దులిపేవాళ్లు లేక. మీ పొయ్యికి గొట్టం ఉంటే నెలకోసారి గోనెసంచి ముక్కను తాడుకు కట్టి పైనుంచి కిందికి లాగండి. గొట్టం కట్టడం కన్నా అదే ముఖ్యం.

8. పొగ రాని నిప్పును నమ్మకండి

ఏజెన్సీలో చలి పది డిగ్రీల దగ్గరికి దిగే రాత్రులుంటాయి. బాలింత మంచం కింద కుంపటి, పసిబిడ్డకు సాంబ్రాణి పొగ మన ఇళ్లల్లో తరతరాల అలవాటు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నప్పటినుంచీ ఈ ప్రాంతం వాళ్లకు బొగ్గు మట్టితో సమానం. బొగ్గు గని కాలనీల్లో ఒకప్పుడు వీధివీధికీ రాక్షసి బొగ్గు పొయ్యిలే. వాకిట్లో రాజేసి, పొగ ఆగి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చేవారు. పొగ పోయింది కాబట్టి ఇక ప్రమాదం లేదని.

పొగ లేనప్పుడే ప్రమాదం. కట్టెబొగ్గయినా రాక్షసి బొగ్గయినా గాలి చాలక కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కన్నా దాన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు, మగత. చలికి నిద్ర ముంచుకొస్తోందనుకుంటారు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోకూడదు, అంతే. బాలింతకు వెచ్చదనం కావాలంటే వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి ఇవ్వండి, లేదా గది వేడెక్కాక కుంపటి బయట పెట్టి తర్వాత పడుకోబెట్టండి.

ఇప్పటి కొత్త ఇళ్లల్లో ఇదే విషం గ్యాస్ గీజర్ రూపంలో వచ్చింది. కిటికీ లేని బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ బిగించమని వచ్చిన బేరాన్ని నేను వదులుకునేవాణ్ణి. గీజర్ బయట గోడకు బిగించండి, నీళ్ల పైపు మాత్రమే లోపలికి రావాలి.

9. దోమల చుట్ట

ఒకప్పుడు మలేరియా పేరు చెబితే భద్రాచలం ఏజెన్సీ గుర్తొచ్చేది. దోమకు భయపడడం సబబే. దానికి తలుపులు మూసి చుట్ట వెలిగించి పడుకోవడం సబబు కాదు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి దుమ్ము 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని తేలింది. ఇంట్లో బీడీ కాల్చొద్దని తాతను అరుగు మీదికి తరిమి, మనవడి మంచం పక్కన చుట్ట పెడతారు! దోమతెర కట్టండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కూ, కిటికీలకూ వల కొట్టించండి. ఆ వలను కూడా నెలకోసారి కడగాలి, దుమ్ముపట్టిన వలలోంచి గాలి రాదు.

10. వరద తగ్గాక తొందరపడకండి

1986 ఆగస్టు 16న గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులై 16న 71.3 అడుగులు. మూడో హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు, అర్థం చేసుకోండి. నీళ్లు తీశాక ఇంట్లో ఒండ్రు ఎత్తిపోస్తారు, గోడలు కడుగుతారు, వారం తిరక్కుండా రంగులేయిస్తారు. అక్కడే చిక్కు. ఇటుక గోడ తాగిన నీళ్లు వారానికి పోవు. తడి మీద రంగేస్తే చెమ్మ లోపలే ఉండి, చలికాలానికి నల్లటి బూజు మచ్చలుగా బయటికి వస్తుంది. రెండు మూడు నెలలు ఆగండి. తలుపులు తీసి, ఫ్యాన్లు గోడల వైపు తిప్పి, మంచాలూ బీరువాలూ గోడకు జానెడు దూరం జరిపి ఆరనివ్వండి. మునిగిన పరుపు, కూలర్ గడ్డి మీద ఆశ పెట్టుకోకండి. మునిగిన ఏసీ డబ్బానో ఫ్రిజ్‌నో ఎవరికీ చూపించకుండా ప్లగ్గు పెట్టకండి.

బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు, మంచిదే. దానిమీద బాత్‌రూమ్ యాసిడ్ పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. ఇల్లు కడగబోయి ఆస్పత్రిలో చేరినట్టవుతుంది.

11. కప్పు చల్లబడితే మిషన్ పని తగ్గుతుంది

మిషన్ ఎంత తక్కువ తిరిగితే ఇంట్లో తలుపులు అంత ఎక్కువ తెరిచి ఉంటాయి. బంగాళా పెంకుల ఇళ్లు ఈ సంగతి చెప్పకుండానే చేసేవి. స్లాబులూ రేకులూ వచ్చాక మనం చేయాలి. వేసవికి ముందు స్లాబు మీద చిక్కటి సున్నం రెండు పూతలు వేయిస్తే లోపల రెండు మూడు డిగ్రీల తేడా మీకే తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. తెల్లటి పైకప్పు అనేది ఫ్యాషన్ కాదు, మన తాతల పనే.

సిమెంటు రేకుల ఇళ్లవాళ్లకు ఒక జాగ్రత్త. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. సున్నం వేసేముందు ఇనుప బ్రష్షుతో పొడిగా గీకడం, ఇంటి లోపలినుంచి డ్రిల్ వేయడం, పగిలిన ముక్కలను సమ్మెటతో పొడిచేయడం వద్దు. ఆ నార కంటికి కనిపించదు, ఒకసారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. నీళ్లతో తడిపి, మెత్తటి చీపురుతో, బిగుతైన మాస్కు పెట్టుకుని చేయండి.

12. మెకానిక్‌తో ఎలా మాట్లాడాలి

నా వృత్తి వాళ్లు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. "గ్యాస్ తగ్గింది, నింపాలి" అనే మాటను వెంటనే ఒప్పుకోకండి. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు, గొట్టంలో రంధ్రం పడితేనే పోతుంది. "ఎక్కడ లీకైందో చూపించు బాబూ, అది మూశాక నింపు" అనండి. సగం సార్లు లీకు ఉండదు, కాయిల్ దుమ్ము కడిగితే చల్లదనం తిరిగొస్తుంది. ఇప్పటి ఏసీల్లో చాలావాటిలో ఆర్-32 గ్యాస్. దానికి కొద్దిగా అంటుకునే గుణం ఉంది, మూసిన గదిలో పొగతాగుతూ పనిచేసేవాణ్ణి బయటికి పంపండి. సర్వీసంటే ఫిల్టర్ దులిపి రిమోట్ నొక్కి చూపించడం కాదు. కాయిల్ కడిగాడా, పళ్లెం తీశాడా, నీళ్ల పైపు ఊదాడా, బయటి డబ్బా కడిగాడా? ఈ నాలుగూ దగ్గరుండి చూడండి. కింద పట్టిన బకెట్‌లో నీళ్లు నల్లగా రాకపోతే పని కాలేదన్నమాట.

ఇదంతా ఫిబ్రవరిలోనే చేయించుకోండి. ఏప్రిల్ దాటితే మా అబ్బాయి నా ఫోనే ఎత్తడు, మీది ఎత్తుతాడా?